గండేరా ఇవ్వని మనిషి

ఆ ఆదివారం కూడా రాజేంద్రప్రసాద్ తెల్లవారకుండానే లేచి, మొహమైనా కడుక్కోకుండా ఫోన్లో పేపరు తెరిచాడు. అనుబంధంలో పదిహేనో పేజీ. పదకేళి ఉండాల్సిన చోట ఈసారీ సుడోకు ఉంది. ఇది ఐదో వారం. పేజీ మూసి మళ్ళీ తెరిచాడు. పొరపాటున వేరే పేజీలో వేశారేమోనని వారఫలాలూ వంటల శీర్షికా కూడా వెతికాడు. ఎక్కడా లేదు.

"ఉందా?" మంచం మీంచే అడిగింది భార్య భవానీదేవి.

"లేదు."

"పోనీ ఆ అంకెలే నింపుకోకూడదూ. ఏదో ఒకటి నింపితే గాని కుదురుగా కూచోరు కదా."

అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో రాజేంద్రప్రసాద్‌తో ధర దగ్గర ఎంత తగువైనా పడొచ్చు, ఆయన నవ్వుతూనే ఉంటాడు. పదకేళి బదులు సుడోకు నింపుకోమంటే మాత్రం అరవై ఒక్కేళ్ళ మనిషికి పసిపిల్లాడికొచ్చినంత కోపం వస్తుంది. అయినా ఆ పూట కోపం కూడా సరిగా రాలేదు. వీధిలోకి వెళ్ళాడు, ఇంట్లోకి వచ్చాడు, కుర్చీ ఇటు తిప్పి వేసుకున్నాడు, అటు తిప్పి వేసుకున్నాడు. ఐదు వారాలుగా ఒక అనుమానం తొలుస్తోంది. అదేమిటో ఆయనకు తెలుసు, పైకి ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

ఆ పదకేళి మామూలు గళ్ళ నుడికట్టు కాదు. 'తీగ తిరగబడితే శిరస్సు' అని ఇస్తారు ఆధారం. తీగంటే లత, దాన్ని వెనక్కి చదివితే తల. ఇది పలక పట్టిన పిల్లలకిచ్చే రకం. 'గిజిగాడు' అనే మారుపేరుతో ఆ కేళి కూర్చే ఆయన ఇచ్చేవి దీనికి నాలుగింతలు మెలికలు. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం రాజేంద్రప్రసాద్ ఆ మెలికలు విప్పి, ఏ ఆధారం న్యాయంగా ఉంది, ఏది బుకాయింపు, ఏది ఎవరైనా విప్పగలరు అని తేల్చి, రెండొందల మంది ఉన్న వాట్సాప్ గుంపులో సమీక్ష పెడతాడు. అక్కడ ఆయన పేరు 'కురిడీ'. పొద్దున్న ఆరు లోపు కురిడీగారి సమీక్ష పడాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు నోరు విప్పాలి. ఎవరూ పెట్టిన నియమం కాదది. అలా జరిగిపోయింది, ఆయనకు బాగుంది, సాగనిచ్చాడు.

ఆయన మార్కులు వెయ్యడు. వ్యాపారం భాషలోనే తీర్పు చెబుతాడు. కొబ్బరికాయను అటక మీద ఎనిమిది పది నెలలు కదపకుండా ఉంచితే, లోపలి నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి, ఊపితే మోగుతుంది. అదే కురిడీ. అందులో పెద్దది, మేలిరకం గండేరా. దాని తర్వాతది గటగట. ఇంకా నీళ్ళు ఇంకని పచ్చిది నీటికాయ. గిజిగాడికి చాలా వారాలు గటగట దక్కింది, అప్పుడప్పుడు ఏమీ దక్కలేదు. గండేరా మాత్రం పదకొండేళ్ళలో ఒక్క వారం కూడా దక్కలేదు. 'ఒకసారి ఇచ్చేస్తే మళ్ళీ ఏం ఇస్తామండీ' అనేవాడు, అదేదో ఆయన ఇనప్పెట్టెలో దాచుకున్న వస్తువైనట్టు.

ఐదు వారాల కిందటి ఆదివారం ఆ గుంపులో ఇలా రాశాడు:

'ఈ వారం గిజిగాడు గూడు కట్టలేదు, గడ్డి పోగేశాడు. పదమూడు మాటలు మగ్గం మాటలే. ఇది పదకేళా, చేనేత సంఘం సామాన్ల పట్టీయా? కళ్ళు మూసుకుని కూర్చినట్టుంది. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటే ఆయనకీ మంచిది, మనకీ మంచిది. తీర్పు: నీటికాయ. ఇట్లు, కురిడీ.'

రాసేటప్పుడు మహా సరదాగా ఉంది. 'గడ్డి పోగేశాడు' అన్న దగ్గర తనలో తనే నవ్వుకున్నాడు కూడా. కానీ ఎప్పుడూ అరవై డెబ్భై బొటనవేళ్ళు లేచే చోట ఆ రోజు మూడే లేచాయి. ఒకాయన శుభోదయం అని తామరపువ్వు బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన వాతావరణం ఎత్తుకున్నాడు. మరుసటి వారం పేపర్లో కేళే లేదు. ఆ పై వారమూ లేదు. గుంపులో ఎవర్ని కదిపినా 'ఆయ్, అవునండి, రావటం లేదండి' అనేవారే గాని అంతకు మించి ఒక్క ముక్క జారనివ్వలేదు. గోదావరి జిల్లాలో మనుషులు మర్యాద పెంచారంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. ఆయనా ఆ జిల్లావాడే, ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు.

ఇక ఉగ్గబట్టలేక, ఎండ ఎక్కకుండానే కొత్తపేటలో ఉండే కీర్తికి ఫోన్ చేశాడు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. గుంపులో ఆయనతో ధైర్యంగా వాదించే మనిషి ఆ అమ్మాయి ఒక్కతే.

"ఏమ్మా, గిజిగాడు మానేసింది నా మూలానేనంటావా?"

అవతల ఆ అమ్మాయి టీవీ చప్పుడు తగ్గించింది.

"కోప్పడనంటే చెప్తానండి. తొలిసారి కూర్చిన ఆవిణ్ణి అంతంత మాటలనకుండా ఉండాల్సిందండి. మాకందరికీ కష్టమనిపించింది."

"ఏ ఆవిణ్ణి?"

"సార్, గళ్ళకి పైన రాసింది మీరు చదవలేదా అండీ?" అంది కీర్తి. "అది చదివే అలా రాసేరనుకున్నామండి మేమంతా."

ఫోన్లో పేపరు చదివే పద్ధతి ఒకటుంది. పేజీలో కావలసిన ముక్క మీద వేలు పెడితే, ఆ ముక్క మటుకే విడిగా పెద్దదై తెరుచుకుంటుంది. గళ్ళ మీద వేలు పెడితే గళ్ళూ ఆధారాలూ వస్తాయి, పైనున్న పట్టీ రాదు. దానిమీద వేరే వేలు పెట్టాలి. అచ్చు పేపరు అంబాజీపేటకి ఆరున్నరకి గాని రాదు. ఆరు లోపు సమీక్ష పెట్టాలనే యావలో రాజేంద్రప్రసాద్ ఏళ్ళ తరబడి ఫోన్లోనే, గళ్ళ మీదే, ఒకే వేలు పెడుతూ వచ్చాడు. ఆ తర్వాత ఇంటికొచ్చే అచ్చు పేపర్ని ఆదివారాలు విప్పను కూడా విప్పడు.

మెట్ల కింద పాత పేపర్ల కట్ట ఉంది. గోనెసంచి లాగి, మోకాళ్ళ మీద కూలబడి, తేదీలు చూసుకుంటూ దించాడు. ఐదు వారాల కిందటి అనుబంధం మడత విప్పకుండా అలాగే ఉంది. గళ్ళకి పైన, సన్నటి అక్షరాలతో:

'పాఠకులకు మనవి. చూపు బాగా మందగించినందున ఈ వారం కేళి నేను కూర్చలేదు. నా కేళికి ఇన్నేళ్ళుగా శుద్ధప్రతి రాస్తున్న నా భార్య అమ్మాజీ కూర్చింది. ఇది ఆమె తొలి కేళి. తనకు తెలిసిన మగ్గం మాటలతోనే అల్లింది. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటుంది. గిజిగాడు, బండారులంక.'

రాజేంద్రప్రసాద్ రెండోసారి చదవలేకపోయాడు. తన సమీక్షలో ఒక్కొక్క మాటే వచ్చి ఎదురుగా నిలబడుతోంది. కళ్ళు మూసుకుని కూర్చినట్టుంది. విశ్రాంతి తీసుకుంటే మంచిది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ముందు పేపరువాళ్ళని తిట్టాడు, ఆ పట్టీని విడగొట్టినందుకు. తర్వాత ఫోన్ని తిట్టాడు. తర్వాత గుంపులో రెండొందల మందినీ తిట్టాడు, ఒక్కడైనా అడగకుండా మర్యాద చేసినందుకు. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు.

విషయం వింటూ భవానీదేవి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "గుంపులో క్షమించమని రాసేస్తాను" అన్నాడాయన.

"రాయాలి మరి. పదిమందిలో అన్నమాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. కాకపోతే ముందు ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పండి. బండారులంక ఏమైనా బొంబాయా?"

సోమవారమంతా దుకాణంలో కూర్చున్నాడన్న మాటే గాని మనిషి అక్కడ లేడు. ఎవరో కొత్త బేరగాడు కురిడీల రాశిని దూరం నుంచే చూసి ధర చెప్పెయ్యమన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కాయలు ఏరుతున్న ముసలి పోలయ్య ఒప్పుకోలేదు. "చేత్తో తీసి ఊపకుండా ఏది గండేరానో ఏది నీటికాయో ఎలా చెప్తామండి, అది పద్ధతి కాదండి" అన్నాడు. రాజేంద్రప్రసాద్ లేచి దుకాణం వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం అచ్చు పేపరు ముందు పెట్టుకుని, పైపట్టీ చదివి, పెన్సిల్‌తో మొదటి గడినుంచి మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి ఆరు లోపు ముగించాలన్న తొందర లేకుండా, సాయంత్రం దాకా చేశాడు.

మంగళవారం పొద్దున్నే స్కూటర్ తీశాడు. బండారులంకలో అమ్మాజీగారి ఇల్లెక్కడని అడిగితే, చీరల అంచులకి గ్రాఫులు గీసే నరసింహమూర్తిగారి ఇల్లేనా అని ఎదురడిగి, మూడో సందు చూపించారు. గుమ్మం దాకా వెళ్ళి, రెండుసార్లు వెనక్కి తిరిగి, స్కూటర్ స్టాండు మళ్ళీ వేశాడు. లోపల మగ్గం ఆడుతోంది.

అరుగు మీద కూర్చున్న మనిషి చప్పుడు వచ్చినవైపు మొహం తిప్పాడు. "ఎవరండీ?"

"అంబాజీపేట నుంచండి. కొబ్బరి వ్యాపారం. రాజేంద్రప్రసాద్ అంటారు." అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండు అనిపించింది. "పదకేళి గుంపులో కురిడీని నేనేనండి."

లోపల మగ్గం ఆగిపోయింది. నరసింహమూర్తి మాత్రం అరుగు మీంచి లేచి నిలబడి చేతులు చాచాడు.

"కురిడీగారా. రండి రండి. అమ్మాజీ, కురిడీగారే మనింటికొచ్చేరు."

అమ్మాజీ వచ్చింది. యాభై దాటి ఉంటాయి, భుజం మీద దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఆయన్ని చూసి, భర్తని చూసి, మళ్ళీ ఆయన్ని చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఏం వద్దంటోందో రాజేంద్రప్రసాద్‌కి అర్థం కాలేదు.

"మా ఆవిడకి గండేరా ఇచ్చేరు కదండీ" అన్నాడు నరసింహమూర్తి. "మీ సమీక్ష ప్రతి ఆదివారం ఆవిడే చదివి వినిపిస్తదండి నాకు. ఆ రోజు గండేరా అని చదువుతుంటే గొంతు వణికిందండి పాపం. ఖర్మ చూడండి, ఆ పై వారం నుంచే కేళి ఎత్తేసేరంట. ప్రకటనలకి చోటు చాలటం లేదంట."

అప్పుడర్థమైంది. ఆవిడ సమీక్ష మార్చి చదివింది. పేపరువాళ్ళు కేళి ఎత్తెయ్యలేదు, ఆవిడే పంపడం మానేసింది. అందుకో సాకు చెప్పింది. క్షమించమని అడగడానికి వస్తే, అడిగితే ఆ అబద్ధం బయటపడుతుంది. అడక్కపోతే ఈ తొలిచే బాధ జన్మంతా ఉంటుంది.

"కాఫీ తెస్తాను, కూచోండి" అని అమ్మాజీ లోపలికి వెళ్ళింది.

గ్లాసుల చప్పుడు వినపడేదాకా ఆగి, నరసింహమూర్తి గొంతు తగ్గించాడు. "ఆవిడ లేనప్పుడే అడుగుతున్నాను. నీటికాయేనా అండీ?"

రాజేంద్రప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. "మీకెవరు చెప్పేరు?"

"చెప్పాలేంటండి. పదకొండేళ్ళు తలకిందులుగా నిలబడితే నాకే ఇవ్వలేదు మీరు గండేరా. ఆవిడకి తొలివారమే ఇచ్చేరంటే నేను నమ్మాలా?" నవ్వాడు, కానీ నవ్వు ఎంతోసేపు లేదు. "పైగా పేపర్నుంచి ఫోన్ కూడా చేసేరు, కేళి రాలేదేంటని. వంట్లో బాలేదని చెప్పేను. ఆవిడ తన పరువు నా దగ్గర దాచుకుంటుంది, దాచుకోనీ అనుకున్నాను. కాని మగ్గం దిగితే ఒక్క మాట మాట్లాడదండి ఈమధ్య. అది చూళ్ళేకపోతున్నాను. చూళ్ళేననకూడదనుకోండి, వినలేకపోతున్నాను."

"నన్నేం చెయ్యమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ దగ్గర అదొక్కటే ఉంది కదా."

అమ్మాజీ కాఫీ గ్లాసులతో వచ్చి నిలబడింది. రాజేంద్రప్రసాద్ కాఫీ తీసుకోలేదు. జేబులోంచి మడత పెట్టిన పేజీ తీశాడు.

"అమ్మా, ఆ రోజు ఫోన్లో గళ్ళు మటుకే చూసి రాసేనండి. పైన మీవారు రాసిన మనవి చదవలేదు. అసలు కాయ చేతిలోకే తీసుకోలేదు. నిన్న కూచుని అచ్చులో మళ్ళీ చేసేను. ఇప్పుడు చెప్పమంటారా?"

ఆవిడ గ్లాసులు పట్టుకునే నిలబడింది. ఆయనే మొదలెట్టాడు. 'పేకాటలో ఆట మానేస్తే నేత సాగుతుంది' అన్న ఆధారం చాలా బాగుందన్నాడు. పేకాటలోంచి ఆట తీసేస్తే మిగిలేది పేక, మగ్గం మీద అడ్డంగా నడిచే నూలు. తానది పావుగంట ఆలోచించినా తెగలేదని ఒప్పుకున్నాడు. ఎడమవైపు కింది మూల ఇరుకుగా ఉంది, అక్కడ మూడు మాటలకి ఒకే రకం ఎత్తుగడ వాడారు, అది లోపం అన్నాడు. పద్నాలుగు నిలువు ఆధారం వంకరగా ఉందన్నాడు. మగ్గం సంగతి తెలియనివాళ్ళకి నాలుగు మాటలు అందవు, వాటిని కోసే మాటలు ఇంకా తేలిగ్గా ఇచ్చి ఉండాల్సింది అన్నాడు.

"తీర్పు గటగట అండి" అని కాగితం మడిచాడు. "గండేరా కాదు. నీటికాయ అసలే కాదు."

"నాకిచ్చేదే" అన్నాడు నరసింహమూర్తి, తృప్తిగా.

ఆ మాటతో అమ్మాజీ భర్తవైపు తిరిగింది. చేతిలో గ్లాసులు కింద పెట్టింది. "తెలుసా మీకు?" అంది.

"తెలుసు. అసలు ఏం రాసేరో మటుకు తెలీదు. ఇప్పుడు చదువు. ఆయనా ఉన్నారు కదా."

ఆవిడ ఫోన్ కోసం లోపలికి వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని, ఎవరివైపూ చూడకుండా, కంఠతా పట్టిన పద్యంలాగా మొదలెట్టింది. "ఈ వారం గిజిగాడు గూడు కట్టలేదు, గడ్డి పోగేశాడు. పదమూడు మాటలు మగ్గం మాటలే. ఇది పదకేళా, చేనేత సంఘం సామాన్ల పట్టీయా."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తన సరదా మాటలు ఆ గొంతులోంచి వింటుంటే రాజేంద్రప్రసాద్‌కి అరుగు దిగి పారిపోవాలనిపించింది. ఆవిడ అక్కడ ఆగిపోయింది. "కొన్నాళ్ళు విశ్రాంతి" అని తర్వాత వాక్యం ఎత్తుకుంది.

"మధ్యలో ఏదో వదిలేసేవు" అన్నాడు నరసింహమూర్తి.

"ఏం లేదు."

ఏ వాక్యం వదిలేసిందో అక్కడ తెలిసింది ఇద్దరికే. ఆవిడ ఐదు వారాలు దాచింది తన పరువు కాదు. నీటికాయ అన్న మాట చదవడానికి ఆవిడకి అడ్డేమీ లేదు. ఈ ఒక్క వాక్యం ఆయన చెవిన పడకూడదని సమీక్ష మొత్తం మార్చేసింది, గండేరా ఇప్పించేసుకుంది, ఆ తర్వాత ఆ మాట ముల్లులా లోపల ఉండి చెయ్యాడక కేళే మానేసింది. ఇప్పుడు ఆవిడకి తోడుగా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆవిడ దాన్ని ఒంటరిగా మోస్తూనే ఉంటుంది.

"కళ్ళు మూసుకుని కూర్చినట్టుంది అని రాసేనండి" అన్నాడు. "మీ చూపు సంగతి తెలీక. తెలీకపోయినా రాయకూడని మాటే."

నరసింహమూర్తి చేత్తో అరుగు తడుముకుంటూ గుమ్మం దాకా జరిగి, అందిన చీరకొంగు పట్టుకున్నాడు.

"దీనికోసమా" అన్నాడు ఆవిడతో. "ఇన్నాళ్ళూ దీనికోసమా."

అమ్మాజీ ఏడ్చింది, ఎక్కువసేపేమీ కాదు. కొంగుతో మొహం తుడుచుకుందామంటే అది ఆయన చేతిలో ఉంది. ముంజేత్తో తుడుచుకుంది. రాజేంద్రప్రసాద్ నేలకేసి చూస్తూ, గుంపులో కూడా ఈ మాట ఇలాగే రాస్తానండి, ఈ రోజే రాస్తాను అన్నాడు. ఇద్దరిలో ఎవరూ పర్వాలేదనలేదు. అనాలని ఆయనా ఎదురు చూడలేదు.

కాసేపటికి ఆవిడ లోపలికి వెళ్ళి, అంచుల డిజైన్లు గీసే గళ్ళ కాగితం ఒకటి తెచ్చింది. సగం గళ్ళు నల్లగా దిద్ది ఉన్నాయి, సగంలో పెన్సిల్ అక్షరాలు. దాన్ని ఆయనకివ్వలేదు, తన చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పద్నాలుగు నిలువుకి వంకరేంటండీ? అది చెప్పండి ముందు" అంది.

ఆయన చెప్పాడు. ఆవిడ ఒప్పుకోలేదు. కాదని వాదించింది, ఆయన తిరిగి వాదించాడు, నరసింహమూర్తి ఇద్దరి మధ్యలో తల అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు. చివరికి సగం ఒప్పుకుంది.

"ఇది పూర్తయితే ఈ ఆదివారానికి పంపుతానండి" అంది కాగితం మడుస్తూ.

"పంపండమ్మా. ఈసారి పైన రాసింది చదివాకే గళ్ళ జోలికెళ్తాను."

"ఈసారి పైన ఏవీ రాయటం లేదండి" అంది అమ్మాజీ. "ఆ కాఫీ చల్లారిపోయింది, ఉండండి, వెచ్చబెట్టి తెస్తాను."